అబద్ధం చెప్పని సాక్షులు

జాన్ లౌడర్ వాంగ్మూలం కోళ్లతో మొదలవుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ తీరాన సేలం అనే రేవు పట్నం ఉంది. 1692 జూన్ 2న అక్కడి కోర్టులో, మంత్రగత్తె అని నిలబెట్టిన బ్రిజెట్ బిషప్ అనే ఆమె కేసులో, లౌడర్ ప్రమాణం చేసి చెప్పాడు. ఏడెనిమిదేళ్ల కింద అతను జాన్ గెడ్నీ అనే ఆసామి దగ్గర ఉండేవాడు. పక్క దొడ్డి బ్రిజెట్ బిషప్‌ది. ఆమె కోళ్లు గెడ్నీ తోటలోకి వచ్చి పడేవి. దాని మీద ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒంట్లో ఏ నలతా లేకుండా పడుకున్నవాడికి నడిరాత్రి గుండెల మీద ఏదో బరువు తగిలి మెలకువ వచ్చింది. బయట పిండారబోసినట్టు వెన్నెల. చూస్తే తన పొట్ట మీద బ్రిజెట్ కూర్చుని ఉంది. బ్రిజెటో, ఆమె రూపమో. తోసేద్దామని చేతులు చాపేలోపు గొంతు పట్టుకుంది. చేతుల్లో సత్తువ లేదు. దాదాపు తెల్లవారే దాకా అట్లాగే అదిమిపెట్టింది.

నేను జిల్లా కోర్టుల్లో స్టెనోగా పనిచేసి రిటైరయినవాణ్ని. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెప్తుంటే, జడ్జిగారు ఇంగ్లీషులో చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టడమే సర్వీసంతా నా పని. ఇన్నేళ్లలో ఒకటి పట్టుబడింది. నేర్పించి తెచ్చిన సాక్షి ఎక్కడా తడబడడు. తేదీ, టైము, దూరం అడుగులతో సహా అప్పజెప్తాడు. నిజంగా చూసినవాడు 'అది ఆమేనో, ఆమెలాంటిదో' అంటాడు. లౌడర్ అన్నది అదే. ఆ మాట కోర్టు గుమాస్తా చేర్చింది కూడా కావచ్చు. మంత్రగత్తె తాను రాకుండా తన రూపాన్ని పంపిస్తుందని అప్పటి వాళ్ల నమ్మకం. కాబట్టి చట్టానికి ఆ మాట అవసరమే. అయినా చేతులు లేవకపోవడం, గొంతు పెగలకపోవడం, బరువు, వెన్నెల చదువుతుంటే ఇతను అబద్ధమాడుతున్నాడని నాకు ఒక్కసారీ అనిపించలేదు.

అదే కేసులో రిచర్డ్ కోమన్ అనే ముప్పయ్యి రెండేళ్ల మనిషి సాక్ష్యం ఇంకా చిత్రం. ఎనిమిదేళ్ల కింద భార్య పక్కన పడుకుని ఉన్నాడు, గదిలో దీపం వెలుగుతోంది. మంచానికి కాళ్ల వైపున్న తెరలు తొలగించుకుని బ్రిజెట్, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఆమె అతని గుండెల మీద పడుకుని ఎంతగా అదిమిందంటే, పక్కనే ఉన్న భార్యను లేపుదామన్నా నోరు రాలేదు, వేలు కదల్లేదు. మర్నాటి రాత్రీ అంతే. ఇది విన్న విలియం కోమన్ అనే బంధువు నేనూ వచ్చి మీ ఇంట్లో పడుకుంటాను, నువ్వు కత్తిని ఒంటి మీద అడ్డంగా పెట్టుకుని పడుకోమని సలహా ఇచ్చాడు. మూడో రాత్రి వచ్చినవాళ్లు ఆ కత్తి గుంజుకోబోయారట. ఇతను గట్టిగా పట్టుకున్నాడు.

కత్తి దగ్గర నేను ఆగిపోయాను. మా నాయినమ్మ దగ్గర ఒక అడకత్తెర ఉండేది. పిడికి ఇత్తడి చిలక, చిలక ముక్కు అరిగిపోయి ఉండేది. పగలు వక్కలు కత్తిరించేది, రాత్రి దిండు కింద పెట్టుకునేది. బాలింత ఉన్న గదిలో గడప దగ్గర చీపురు, పాత చెప్పు, మంచం కింద కొడవలి ఉండి తీరాల్సిందే. ఇనుము ఉంటే 'అది' రాదని నాయినమ్మ నమ్మకం. ఇనుముకు దయ్యాలు భయపడతాయని మెదక్ పల్లెలోని మా నాయినమ్మకూ, అట్లాంటిక్ ఒడ్డున కోమన్ చుట్టానికీ ఎవరు చెప్పారో! అయితే నాయినమ్మ చెప్పే 'అది'కి పేరు లేదు, ఇంటి నంబరు లేదు. దాని మీద వారెంటు తీయడం కుదరదు. సేలంలో తీశారు.

ఇప్పుడు డాక్టర్లు దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటున్నారు. 1953లో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లీట్‌మన్ కలిసి నిద్రలో ఒక దశను కనిపెట్టారు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదులుతుంటాయి, గాఢమైన కలలు వచ్చేది ఎక్కువగా అప్పుడే. 1959 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మిషెల్ జూవె పిల్లుల మీద పరిశోధన చేసి, ఆ దశలో ఒంట్లో కండరాలన్నీ పూర్తిగా సడలిపోతాయని తేల్చాడు. కలలో పరిగెత్తినవాడు నిజంగా లేచి పరిగెత్తకుండా మెదడు కాండం నుంచే వెన్నుకు ఆ కట్టడి అందుతుంది. కనుగుడ్లకూ, ఊపిరి నడిపే డయాఫ్రమ్‌కూ మాత్రం మినహాయింపు. జూవె ఆ కట్టడి చేసే చోటును పిల్లి మెదడులో దెబ్బతీస్తే, నిద్రపోతున్న పిల్లి లేచి లేని ఎలుక మీదికి దూకింది.

ఒక్కోసారి మెలకువ ముందొచ్చి కట్టడి వెనకబడుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, గది కనిపిస్తుంది, కల ఇంకా తెగదు. పక్కటెముకల మధ్య కండరాలు సడలి ఉంటాయి గనక, గట్టిగా ఊపిరి తీసుకుందామంటే ఛాతీ లేవదు. అదే బరువు. ప్రమాదాన్ని పసిగట్టే మెదడు భాగం మాత్రం పూర్తి జోరులో ఉంటుంది. కాబట్టి గదిలో ఎవరో ఉన్నారనిపిస్తుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. నిద్ర చాలనివాళ్లకు, వేళాపాళా లేని నిద్రవాళ్లకు ఎక్కువ. బ్రయన్ షార్ప్‌లెస్, జాక్వెస్ బార్బర్ 2011లో 35 అధ్యయనాలు కలిపి లెక్క చూస్తే, మామూలు జనంలో 7.6 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చింది. విద్యార్థుల్లో అయితే 28.3 శాతం. ఎందుకు పెరిగిందో పరీక్షల ముందు హాస్టల్ గది చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

నాకూ వచ్చింది. టైపు హయ్యర్, షార్ట్‌హ్యాండ్ పరీక్షలకు కట్టి, చిక్కడపల్లిలో ఒక గదిలో ఉన్న రోజుల్లో. పగలు ఇన్‌స్టిట్యూటు, రాత్రి ఒక ప్రెస్సులో ప్రూఫులు. తెల్లవారుజామున వచ్చి చాప మీద వెల్లకిలా పడ్డాను. కళ్లు తెరిచేసరికి గోడ మీద క్యాలెండరు కనిపిస్తోంది, కింద వీధిలో పాలవాడి సైకిలు గంట వినిపిస్తోంది, చెయ్యి మాత్రం నాది కాదు. తలుపు దగ్గర మనిషి. చారల లుంగీ, పైన తువ్వాలు. మా ఇంటి ఓనరు. మెల్లగా వచ్చి నా ఛాతీ మీద కూర్చున్నాడు. పెద్దమనిషి, బరువు మనిషి. నేను ఆయనకు అద్దె బాకీ.

ఆంజనేయుణ్ని తలుచుకుంటే వదిలింది, లేక వదిలే వేళకు తలుచుకున్నాను. కాళ్ల వేళ్లు ముందు కదిలాయి. పొద్దున ఓనరు కింద నల్లా దగ్గర పళ్లు తోముకుంటూ కనిపిస్తే నాకు చెమటలు పట్టాయి. ఆయన ఎప్పటిలాగే అద్దె అడిగాడు. ఈ ముచ్చట ఎవరితో చెప్పినా నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ ఆ గదిలో నన్ను ప్రమాణం చేయించి అడిగితే, చూశానా అంటే చూశాననే చెప్పేవాణ్ని. 2024 దాకా అమల్లో ఉన్న మన 1872 నాటి ఎవిడెన్స్ యాక్టు 60వ సెక్షను ప్రకారం చూసినవాడే వచ్చి చూశానని చెప్పాల్సి ఉండేది. నేను పాసే, లౌడరూ పాసే.

లౌడర్‌కు కోళ్ల తగాదా, నాకు అద్దె బాకీ. బరువు ఒళ్లు తెచ్చుకుంటుంది, దానికి మొహం మాత్రం ఆ వారం ఎవరితో పేచీ ఉందో వాళ్లది దొరుకుతుంది. కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ బెస్త పల్లెల్లో దీన్ని 'ముసలి హ్యాగ్' అంటారు. పగబట్టినవాళ్లు ప్రభువు ప్రార్థనను వెనక నుంచి ముందుకు చదివి ఆ ముసల్దాన్ని మీ మీదికి తోలగలరని అక్కడి నమ్మకం. డేవిడ్ హఫర్డ్ అనే జానపద పరిశోధకుడు 1970ల మొదట్లో అక్కడికి వెళ్లి ఇవన్నీ సేకరించాడు. అంతకుముందు 1963లో కాలేజీ కుర్రాడిగా ఉండగా, ఆ కథలేవీ తెలియకుండానే, ఆయనకూ ఇదే జరిగింది. కథలు విని జనం ఈ అనుభవాన్ని ఊహించుకోవడం లేదు, అనుభవం నుంచే కథలు పుడుతున్నాయని 1982 నాటి తన పుస్తకంలో వాదించాడు. నాకు ఆ వాదన సబబుగానే తోస్తుంది, సగం వరకు. కథ లేకపోయినా బరువు వస్తుంది. కానీ కథ లేకపోతే పక్కింటావిడ మీద కేసు రాదు.

కేసు రాకుండా ఉండే దారి ఆనాటికే తెలిసి ఉండటం నన్ను బాధపెట్టే సంగతి. సేలం విచారణకు 28 ఏళ్ల ముందు, 1664లో, హాలండులోని ఉట్రెక్ట్‌లో ఇస్‌బ్రాండ్ వాన్ డీమర్‌బ్రూక్ అనే వైద్యుడు ఒక రోగి వివరాలు అచ్చువేశాడు. యాభై ఏళ్ల స్త్రీ, పుష్టిగా ఉన్న మనిషి. రాత్రిళ్లు నిద్రలో ఒకసారి దయ్యం, ఒకసారి పెద్ద కుక్క, ఒకసారి దొంగ తన ఛాతీ మీద పడుకున్నట్టుంటుంది, ఊపిరాడదు, కదల్లేదు. ఆయన దయ్యాన్నీ పిలిపించలేదు, దొంగనూ వెతికించలేదు. జబ్బని రాసుకుని, ఆనాటి పద్ధతిలో వైద్యం చెప్పాడు. అంతకు ఏడు వందల ఏళ్ల ముందే బుఖారాలో అఖవాయ్నీ అనే వైద్యుడు దీన్ని కాబూస్ పేరుతో వివరించి, పొట్టలోంచి మెదడుకెక్కే ఆవిర్ల వల్ల వస్తుందన్నాడు. కారణం తప్పే. అయితే పొట్టలో ఆవిరికి ఉరి వేయలేం కదా.

సేలంలో ఎవరూ వైద్యుడి పుస్తకం తీయలేదు. గవర్నరు ఫిప్స్ వేసిన ప్రత్యేక కోర్టుకు విలియం స్టౌటన్ పెద్ద జడ్జి. ముద్దాయిలకు వకీలు లేడు. బ్రిజెట్ మీద 1680 ప్రాంతంలోనే ఒకసారి ఇదే ఆరోపణ వచ్చి పోయింది. నోరున్న మనిషి, ముందటి మొగుడితో వీధిన పడి తగాదాలాడి కోర్టుకెక్కిన మనిషి. ఆ మొగుడు పోయి, ఎడ్వర్డ్ బిషప్ అనే రంపపు పనివాణ్ని మళ్లీ చేసుకుంది. ఏప్రిల్ 18న వారెంటు, 19న విచారణ, జూన్ 2న కేసు. ఆ కోర్టు విచారించిన మొదటి కేసు ఆమెదే. సాక్షులు ఎక్కువ గనక గట్టిగా నిలబడుతుందని దాన్నే ముందు ఎత్తుకున్నారని చరిత్రకారుల మాట. లౌడర్ ఎవరో నాకు తెలియదు అందామె. దొడ్లు పక్కపక్కనే ఉండి తెలియదంటుందా అని ఆ మాటే ఆమె మెడకు చుట్టుకుంది. వాంగ్మూలంలోనే ఉంది మరి. గెడ్నీ భార్య సుసానా ఒక రోజు తోటలోంచే, నువ్వు రాత్రి వచ్చి గుండెల మీద కూర్చున్నావని మా లౌడర్ అంటున్నాడని ఆమెతో అంటే, బ్రిజెట్ కాదంది, లౌడర్ మొహం మీదే నిజమన్నాడు. దొడ్లోనే తేలాల్సిన తగాదా అది. జూన్ 8న స్టౌటన్ డెత్ వారెంటు మీద సంతకం పెట్టాడు. 10న ఉరి తీశారు.

ఆ కోర్టు రికార్డు పుస్తకం దొరకలేదు. విడి వాంగ్మూలాలే మిగిలాయి. కోర్టు గుమాస్తా పేరు స్టీఫెన్ స్యూవల్. నా వృత్తివాడు కాబట్టి ఆయన మీద నాకు కొంచెం ఆసక్తి. ఎన్ని రాత్రులు దీపం కింద కూర్చుని నకళ్లు తీశాడో! ఆ నకళ్ల ఆధారంగానే కాటన్ మేథర్ అనే పాస్టరు ఆ తర్వాత పుస్తకం వేసి కోర్టును సమర్థించాడు.

వాంగ్మూలాల్లో స్లీప్ పెరాలిసిస్‌కు అతకనివీ ఉన్నాయి, అవి దాచి చెప్పడం సరికాదు. కోమన్ మూడో రాత్రి, బంధువు, భార్య, పక్కన పడుకున్న ఇంకో స్త్రీ అందరికీ ఒకేసారి నోరు పడిపోయిందట. లౌడర్‌కు ఆ తర్వాత పట్టపగలు ఇంట్లోకి నల్లపంది వచ్చింది, కోతి ఒళ్లు, కోడి కాళ్లు ఉన్నదొకటి వచ్చి మాట్లాడింది. జబ్బు ఒకరికి వస్తుంది, నలుగురికి ఒకేసారి అంటుకోదు. ఎనిమిదేళ్ల పాటు చెప్పుకుంటూ పోయిన కథలో ఎవరెవరి మాటలు కలిశాయో ఆ ఇంట్లో వాళ్లకే తెలియాలి. పాత తగాదాల కేసుల్లో ఇట్లాంటివి నేను చాలా టైపు చేశాను. మొదటి వాక్యం సొంతం, పదో వాక్యానికి ఊరంతా మాట్లాడుతుంటుంది.

సామ్యుయెల్ గ్రే సాక్ష్యం మాత్రం వేరు. పద్నాలుగేళ్ల కింద రాత్రి కళ్లు తెరిస్తే గదిలో దీపం పెట్టినట్టు వెలుతురు, ఉయ్యాలకూ మంచానికీ మధ్య ఒక స్త్రీ. లేచి చూస్తే లేదు, తలుపు గడియ వేసే ఉంది. పెదాలకు చల్లగా ఏదో తగిలింది. ఉయ్యాల్లో బిడ్డ కెవ్వుమంది. ఆ బిడ్డ కొన్ని నెలలు చిక్కి చిక్కి చనిపోయింది. అప్పటికి ఆమె ఎవరో అతనికి తెలియదు. తర్వాత బ్రిజెట్‌ను చూసి మొహాన్నీ, బట్టల్నీ బట్టి ఈమేనన్నాడు. బిడ్డ పోయిన తండ్రికి ఒక మొహం కావాలి, ఊరు అందించింది. ఈ గ్రే మరణశయ్య మీద తన ఆరోపణకు ఆధారమే లేదని పశ్చాత్తాపపడ్డాడని రాబర్ట్ కేలెఫ్ అనే వర్తకుడు 1700లో అచ్చయిన పుస్తకంలో రాశాడు.

ఇదంతా మూడు వందల ఏళ్ల నాటి తెల్లవాళ్ల మూఢత్వమని పక్కన పెట్టడానికి నాకు నోరు రాదు. మా జిల్లా కోర్టులో చేతబడి చేస్తోందని ఒక ముసలామెను కొట్టిన కేసు వచ్చింది. సాక్ష్యాలయ్యాక ముద్దాయిని, తన మాట చెప్పుకునే 313 స్టేట్‌మెంటుకు పిలిచారు. అక్కడ వకీలు నేర్పించినట్టు ప్రతి ప్రశ్నకూ 'తెల్వదు, అబద్ధం' అనడమే రివాజు. ఇతను చివర్లో ఏమన్నా చెప్పుకుంటావా అంటే చెప్పాడు: "పండుకుంటే ఛాతి మీద కూసుంటది సార్. లేవనియ్యది, ఒర్రనియ్యది. కండ్లార చూసిన." జడ్జిగారు ఒక క్షణం కలం ఆపి, దాన్ని ఒక్క ఇంగ్లీషు వాక్యంగా చెప్పారు, నేను కొట్టాను. రెండిళ్లకూ పొలం గట్టు దగ్గర పాత పంచాయితీ ఉందని అంతకుముందే ఒక సాక్షి చెప్పి ఉన్నాడు. శిక్ష పడింది, పడాల్సిందే. కానీ ఆ మాట అన్నప్పుడు అతను మెడ కింద చెయ్యి పెట్టి చూపించిన చోటు నాకు తెలిసిన చోటే. రాత్రి డ్యూటీ వాచ్‌మన్ అతను. వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకో, నిద్ర సరిచేసుకో అని చెప్పే డాక్టరు ఆ ఊళ్లో ఉండి ఉంటే ఆ ఫైలు నా టేబులు మీదికి వచ్చేది కాదేమో.

సేలంలో చివరికి మలుపు తిప్పింది వైద్యం కాదు, సాక్ష్యపు నిబంధన. కాటన్ మేథర్ తండ్రి ఇంక్రీస్ మేథర్ 1692 అక్టోబరులో ఒక వాదన రాశాడు. సైతాను అమాయకుల రూపం కూడా ధరించగలడు కాబట్టి, రూపం కనిపించిందన్న ఒక్క మాట మీద ప్రాణం తీయకూడదన్నాడు. ఆయన సైతానును నమ్ముతూనే ఈ దారి కనిపెట్టాడు. చూసినవాడు అబద్ధమాడటం లేదు, అయినా కనిపించిన ఆమె దోషి కాదు అని చట్టానికి అర్థమయ్యే భాషలో చెప్పగలిగాడు. నాకు ఆ ముసలి పాస్టరు మీద అందుకే గౌరవం. అదే నెలాఖరుకు గవర్నరు ప్రత్యేక కోర్టును రద్దు చేశాడు. అప్పటికి 19 మందికి ఉరి పడింది, గైల్స్ కోరీ అనే ముసలాయన్ను రాళ్ల బరువు కింద నలిపి చంపారు. 1693 జనవరిలో కొత్త కోర్టు కూర్చుంది. పెద్ద జడ్జి మళ్లీ స్టౌటనే. ఆరోపణలు అవే. రూపాల సాక్ష్యం చెల్లదన్నారు, అంతే తేడా. ఆ విడతలో ముగ్గురికి మాత్రమే నేరం రుజువైంది. ఆ ముగ్గురి ఉరినీ గవర్నరు ఆపించాడు. స్టౌటన్‌కు కోపమొచ్చి బెంచి దిగి వెళ్లిపోయాడు.

మా అమ్మాయి బోస్టన్ దగ్గర ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు నార్త్ స్టేషన్‌లో రైలెక్కించి సేలం తీసుకుపోయింది. పోలీసు కారు మీద చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మ, హైస్కూలు ఆటల జట్టు పేరు కూడా అదే. అమాయకులను ఉరి తీసి, వాళ్ల మీద మోపిన నేరాన్నే ఊరికి ముద్ర చేసుకోవడం నాకు నచ్చలేదు. మా అమ్మాయి మాత్రం నాన్నా, టూరిజం అంది. బ్రిజెట్ దొడ్డి ఉందని చెప్పే చోట ఇప్పుడొక పాత ఇటుక భవనం, అందులో చేపల హోటలు. అదే చోట 1877లో గ్రాహంబెల్ టెలిఫోను చూపించాడు. దాని గురించి ఒక పలక కూడా ఉంది. పాత శ్మశానం పక్కన 1992లో కట్టిన స్మారకంలో గోడకు ఇరవై రాతి బల్లలు, ఒక్కో బల్లకు ఒక్కో పేరు, తేదీ.

1711లోనే ప్రభుత్వం చాలామంది శిక్షలు రద్దు చేసి, వాళ్ల కుటుంబాలకు పరిహారం ఇచ్చింది. ఆ జాబితాలో బ్రిజెట్ పేరు లేదు. 1957లో ఇంకో తీర్మానం చేసి, ఒక్క పేరు రాసి, మిగతావాళ్లను 'మరికొందరు' అన్నారు. 2001 అక్టోబరు 31న మసాచుసెట్స్ తాత్కాలిక గవర్నరు జేన్ స్విఫ్ట్ సంతకంతో ఐదుగురు స్త్రీల పేర్లు చట్టంలోకి ఎక్కాయి, అందులో బ్రిజెట్ బిషప్‌ది ఒకటి. ఫైలు మూయడానికి 309 ఏళ్లు పట్టింది. మా కోర్టులో వాయిదాల గురించి ఎవరన్నా గొణిగితే ఈ కేసు చెప్తుంటాను.